ప్రాణం గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కర్నూలులో తుంగభద్రకు దగ్గరగా ఉన్న మా మిద్దె మీద పొద్దున ఐదున్నరకు పదిహేను ఇరవై మందిమి కూర్చుంటాం. అరగంట ప్రాణాయామం, తర్వాత అరగంట మాటలు. ఆ మాటల్లో వచ్చే ప్రశ్నలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. కొత్తగా వచ్చేవాళ్లు మొదటి వారంలోనే అవన్నీ అడుగుతారు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. నేను తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. స్వామీజీనీ కాను, డాక్టర్నీ కాను. చదివింది, చూసింది, చేసింది చెబుతాను.

ప్రాణం అంటే ఊపిరేనా?

రెండూ ఒకటి కావని మన నోటి మాటలే చెబుతాయి. ఉక్కపోతలో "ఊపిరాడటం లేదు" అంటాం. ఎండలో బస్సు కోసం గంట నిలబడి ఇంటికొచ్చి కుండలో నీళ్లు తాగితే "ప్రాణం లేచొచ్చింది" అంటాం. కొడుకు ఫోన్ ఎత్తకపోతే తల్లి ప్రాణం ఉసూరుమంటుంది. ఊపిరితిత్తులు ఈ చివరి రెండు సందర్భాల్లోనూ బాగానే ఉన్నాయి, గాలి లోపలికీ బయటికీ పోతూనే ఉంది. లేచి వచ్చిందీ, ఉసూరుమన్నదీ ఇంకోటి.

సంస్కృతంలో 'అన' అంటే ఊపిరి తీయడం. దానికి ముందు 'ప్ర' చేరి ప్రాణం అయింది. కాబట్టి మాట పుట్టింది ఊపిరిలోంచే. కానీ శాస్త్రాలు ఆ మాటను ఊపిరి దగ్గర ఆపలేదు. కన్ను చూడటం, తిన్నది అరగడం, నెత్తురు పారడం, గొంతులోంచి మాట రావడం, బిడ్డ కడుపులోంచి బయటికి రావడం, వీటన్నిటినీ నడిపించే శక్తికి ప్రాణమని పేరు పెట్టాయి.

మా మిద్దె మీద నేను చెప్పే పోలిక ఇది. ఊపిరి చేద తాడు లాంటిది. నీళ్లు ఉండేది బావిలో, తాడులో కాదు. అయినా నీళ్లు కావాలంటే తాడే పట్టుకోవాలి. ప్రాణాయామంలో మనం ఊపిరిని పట్టుకునేది అందుకే. లోపల జరిగే పనుల్లో మన మాట వినేది అదొక్కటే. గుండెను ఆగమంటే ఆగదు, కడుపును తొందరగా అరిగించమంటే అరిగించదు. ఊపిరి మాత్రం దాని పాటికది నడుస్తుంది, మనం కావాలంటే మన చేతికీ వస్తుంది.

ఉసురు, జీవం, ఆయువు, ఆత్మ... ఇవన్నీ ప్రాణానికి పేర్లేనా?

ఉసురు మన సొంత మాట. అనంతపురం జిల్లా దాటి బళ్లారి వైపు వెళితే 'ఉసిరు' అంటే ఊపిరి. తమిళంలో 'ఉయిర్' అంటే ప్రాణం. మనం ఉసురును ఇంకో దారికి కూడా తీసుకెళ్లాం. "వాళ్ల ఉసురు తగులుతుంది" అన్నప్పుడు ఏడిపించినవాడి మీద ఏడ్చినవాడి ప్రాణం పనిచేస్తుందని అర్థం. ఒకరి ప్రాణం ఇంకొకరికి తగులుతుందన్న నమ్మకం ఆ చిన్న మాటలో ఉంది.

ఆయువు అంటే ప్రాణం నిలిచి ఉండే కాలం. ఆత్మ వేరు. ప్రశ్నోపనిషత్తులో కౌసల్యుడు పిప్పలాద మహర్షిని ఈ ప్రాణం ఎక్కడి నుంచి పుట్టిందని అడుగుతాడు. ఆత్మ నుంచే పుట్టింది, మనిషికి నీడ ఎలాంటిదో ఆత్మకు ప్రాణం అలాంటిది అంటాడు ఆయన. మనిషి ఉంటేనే నీడ. నీడే మనిషి కాదు. వేదాంతులు ఇంకా గట్టిగా చెబుతారు. ప్రాణం ఎంత గొప్పదైనా దానంతట దానికి తెలివి లేదు, తెలిసేది ఆత్మకే అంటారు. నిద్రలో ప్రాణం మేలుకునే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది. అయినా తలగడ కింద డబ్బు దొంగ తీసుకుపోతే దానికి తెలియదు. ఈ తేడా పట్టుకుంటే మిగతా ప్రశ్నలు సగం తేలికవుతాయి.

మొదట ఎక్కడ చెప్పారు?

అథర్వవేదం 11వ కాండలో ప్రాణానికే ఒక సూక్తం ఉంది. ఇదంతా ఎవరి వశంలో ఉందో ఆ ప్రాణానికి నమస్కారం అని మొదలవుతుంది. వాన కురిసినప్పుడు ప్రాణమే కురిసిందని, మొక్కలు సంతోషపడ్డాయని అందులో చెబుతారు. మన సీమవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

నాకు మాత్రం ఛాందోగ్యోపనిషత్తులోని పోటీ కథ ఇష్టం. వాక్కు, కన్ను, చెవి, మనసు, ప్రాణం అన్నీ నేను గొప్ప అంటే నేను గొప్ప అని కొట్లాడుకుని ప్రజాపతి దగ్గరికి పోతాయి. మీలో ఎవరు లేచిపోతే ఈ ఒళ్లు మరీ పాడైపోయినట్టు కనబడుతుందో వాళ్లే గొప్ప అంటాడాయన. ముందు వాక్కు వెళ్లిపోయింది. ఏడాది తర్వాత తిరిగొచ్చి చూస్తే, మూగవాడు బతికినట్టే వీళ్లంతా బతుకుతున్నారు. కన్ను వెళ్లింది, గుడ్డివాడిలా బతికారు. చెవి వెళ్లింది, చెవిటివాడిలా బతికారు. మనసు వెళ్లింది, పసిబిడ్డలా బతికారు. చివరికి ప్రాణం లేవబోయింది. అంతే, మేలుజాతి గుర్రం కాళ్లకు కట్టిన గూటాలను ఒక్క ఊపుతో పెకలించినట్టు మిగతావన్నీ దానివెంట ఊడి వచ్చేస్తున్నాయి. "నువ్వు వెళ్లొద్దు, నువ్వే పెద్ద" అని అన్నీ దాన్ని బతిమాలాయి.

ఆ గుర్రం పోలిక చెప్పినవాడు అలాంటి గుర్రాన్ని కళ్లారా చూసి ఉంటాడు.

పంచప్రాణాలు ఏవి? ఒంట్లో ఎక్కడ ఉంటాయి?

ప్రాణం, అపానం, వ్యానం, ఉదానం, సమానం. శక్తి ఒకటే, చేసే పనులను బట్టి ఐదు పేర్లు. లోపలికి తీసుకునేది ప్రాణం. దాని చోటు గుండె, రొమ్ము, ముక్కు, నోరు. కిందికి తోసేది అపానం. మలమూత్రాలు, నెలసరి, కాన్పు దాని పనులు. బొడ్డు దగ్గర ఉండి తిన్నదాన్ని సమంగా పంచేది సమానం. ఒళ్లంతా తిరిగేది వ్యానం. పైకి లేపేది ఉదానం. మాట, వాంతి, చివరికి ప్రాణం పోవడం కూడా దాని పనే.

ప్రొద్దుటూరులో చదువుకునేటప్పుడు మేము బాడుగకున్న ఇంటి పెద్దాయన అన్నం దగ్గర చేసే పని నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, అరచేతిలో కొంచెం నీళ్లు పోసుకుని తాగేవాడు. తర్వాత బొటనవేలితో, ఇంకో రెండు వేళ్లతో నాలుగు మెతుకులు తీసుకుని "ప్రాణాయ స్వాహా" అని నోట్లో వేసుకునేవాడు. నమిలేవాడు కాదు, పళ్లకు తగలకుండా మింగేవాడు. అపానాయ, వ్యానాయ, ఉదానాయ, సమానాయ... అలా ఐదుసార్లు. ఎడమచేయి విస్తరి అంచును వదిలేది కాదు. ఆ తర్వాతే పప్పు కలుపుకునేవాడు. ఒకరోజు ఎందుకట్లా మింగుతారని అడిగాను. "నిప్పులో నెయ్యి వేసేటప్పుడు నమిలి వేస్తామా నాయనా?" అన్నాడు. కడుపులో ఉన్నది నిప్పు, ఆ మెతుకులు హోమం. భగవద్గీత 15వ అధ్యాయంలో కృష్ణుడు ఇదే చెప్పాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ప్రాణుల ఒంట్లో వైశ్వానరాగ్నినై ప్రాణాపానాలతో కూడి నాలుగు రకాల అన్నాన్ని నేనే పచనం చేస్తున్నాను అంటాడక్కడ. ఇప్పుడు మన ఇళ్లలో ఫోన్ చూస్తూ తింటున్నాం. మంత్రం రాకపోతే పోనీ, మొదటి ఐదు ముద్దలైనా ఫోన్ పక్కన పెట్టి తినమని మా వాళ్లకు చెబుతుంటాను.

ఈ ఐదుగాక ఉపప్రాణాలు ఇంకో ఐదు. తేన్పుకు నాగం, రెప్పపాటుకు కూర్మం, తుమ్ముకు కృకరం, ఆవలింతకు దేవదత్తం, ఒళ్లంతా వ్యాపించి ఉండే ధనంజయం. కృకరం ఆకలికి అనేవాళ్లూ ఉన్నారు. ధనంజయం గురించి కింద మళ్లీ చెబుతాను. ఇక "నువ్వు నా ఆరో ప్రాణం" అని సినిమాల్లో వినే మాట ఈ ఐదు లెక్కలోంచి వచ్చిందే.

నాడులు 72 వేలు అంటారు. కోసి చూస్తే కనబడతాయా?

కందిమల్లాయపల్లెలో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు దొరికింది. కడప జిల్లాలో బ్రహ్మంగారి మఠం చూసినవాళ్లకు ఈ కథ తెలిసే ఉంటుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఒక రాత్రి తన శిష్యుడు సిద్ధయ్యకు శరీరంలోని చక్రాల గురించి, వాటిలో కొలువున్న దేవతల గురించి చెబుతున్నాడట. చాటున ఉన్న కక్కయ్య అనే అతను అది విన్నాడు. ఇంత మంది దేవతలు ఒంట్లో ఉంటే చూడాల్సిందే అనుకుని ఇంటికి పోయి నిద్రపోతున్న భార్యను కోశాడు. నెత్తురు, పేగులు తప్ప ఏ దేవతా కనిపించలేదు. గుండెలు బాదుకుంటూ బ్రహ్మంగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన వచ్చి ఆమెను బతికించి, తాను చెప్పింది సత్యమని చూపించి, కక్కయ్యను శిష్యుడిగా చేసుకున్నాడని చెబుతారు.

ఈ కథ భయంకరంగా ఉంటుంది. చిన్నప్పుడు మా అవ్వ చెబితే నిద్రపట్టేది కాదు. ప్రాణాన్ని వెతకడానికి ప్రాణాన్నే తీయాల్సి వస్తే ఆ వెతుకులాట దారి తప్పినట్టేనని ఇప్పుడు అర్థమవుతోంది. యోగులు చెప్పిన నాడి డాక్టర్లు చూపించే నరమో, రక్తనాళమో కాదు. కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లు లోపల గమనించిన దారుల పటం అది.

లెక్క విషయానికొస్తే హఠయోగ గ్రంథాలు 72,000 అంటాయి. ప్రశ్నోపనిషత్తు లెక్క ఇంకా పెద్దది. హృదయంలో 101 నాడులు, ఒక్కోదానికి వంద కొమ్మలు, ఒక్కో కొమ్మకు 72,000 పిల్లకొమ్మలు. అన్నీ కూడితే 72 కోట్ల 72 లక్షల 10 వేల 201. అభ్యాసానికి మూడు తెలిస్తే చాలు. ఎడమ ముక్కు వైపు ఇడ, అది చంద్రుడు, చలువ. కుడి ముక్కు వైపు పింగళ, అది సూర్యుడు, వేడి. నడుమ వెన్నులో సుషుమ్న. మామూలప్పుడు రెండు ముక్కుల్లోనూ గాలి ఒకేలా ఆడదు. ఇప్పుడే వేలు అడ్డం పెట్టి చూసుకోండి, ఏదో ఒకటి బిగుసుకుని ఉంటుంది. కొన్ని గంటలకు అది మారుతుంది. ఇది డాక్టర్లూ ఒప్పుకునే సంగతే.

ఉపవాసం ఉంటే ప్రాణశక్తి పెరుగుతుందంటారు. నీళ్లు కూడా మానేయాలా?

నీళ్లు మానొద్దు. ఈ ఒక్క జవాబు కోసమైనా ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు పెట్టిన పరీక్ష అందరూ తెలుసుకోవాలి.

మనం తిన్న అన్నంలోని సూక్ష్మమైన భాగం మనసు అవుతుంది, తాగిన నీళ్లలోని సూక్ష్మమైన భాగం ప్రాణం అవుతుంది అంటాడు తండ్రి. మజ్జిగ చిలికితే వెన్న పైకి తేలినట్టు. కొడుకు నమ్మలేదో, అర్థం కాలేదో, ఇంకా చెప్పమన్నాడు. అయితే పదిహేను రోజులు అన్నం తినకు, నీళ్లు మాత్రం నీకు కావలసినన్ని తాగు, ప్రాణం నీళ్లతో అయినది, నీళ్లు తాగేవాడికి ప్రాణం తెగిపోదు అన్నాడు. శ్వేతకేతు అలాగే చేసి పదహారో రోజు వచ్చాడు. వేదం చెప్పమన్నాడు తండ్రి. పన్నెండేళ్లు చదివినవాడికి ఒక్క రుక్కు గుర్తుకు రాలేదు. పెద్ద మంట ఆరిపోయి మిణుగురు పురుగంత నిప్పు మిగిలితే అది దేన్ని కాలుస్తుంది? పోయి అన్నం తిను అన్నాడు. తిని వచ్చాక అడిగినదల్లా చెప్పాడు.

అన్నం లేక మనసు ఆరిపోయింది, నీళ్లుండి ప్రాణం నిలిచింది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడితే పడినట్టు. బోరు వేసి, వెయ్యి అడుగులు దిగి, దుమ్ము తప్ప ఏమీ రాని రోజు ఆ రైతు ఇంటి ముందు నిలబడినవాళ్లకు ప్రాణం నీళ్లతో అయినదన్న మాట తత్వంలా వినిపించదు. మా నాయన ఎండిపోయిన బోరు చూసి వచ్చి అరుగు మీద కూర్చుని "ప్రాణం పోయినట్టుంది" అన్నాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ తర్వాత ఉపనిషత్తు చదివినప్పుడు ఆయన గొంతే వినిపించింది.

కాబట్టి ఏకాదశి ఉపవాసం చేయండి, మంచిదే. మన ఎండల్లో నీళ్లు, మజ్జిగ మానకండి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా అన్నం మానడం కూడా వద్దు.

ఆంజనేయుణ్ణి ముఖ్యప్రాణుడని ఎందుకు పిలుస్తారు?

మంత్రాలయం వెళ్లినవాళ్లు ఈ మాట వినే ఉంటారు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేసింది మన కర్నూలు జిల్లాలోనే కదా. ఆయనది మధ్వాచార్యుల సంప్రదాయం. ఆ సంప్రదాయంలో వాయువే ముఖ్యప్రాణం, జీవులందరిలో ఉత్తముడు. హనుమంతుడు, భీముడు, మధ్వాచార్యులు ఆయన మూడు అవతారాలు. నేను నిద్రపోతున్నా నా లోపల నిద్రపోకుండా ఊపిరి నడిపేవాడు ఆయనే అని వాళ్ల భావం. ప్రాణాన్ని శక్తి అని ఊరుకోకుండా సేవకుడిగా, భక్తుడిగా చూడటం నాకు చాలా నచ్చుతుంది.

రామాయణంలో దీనికి పునాది ఉంది. ఇంద్రుడి వజ్రాయుధం తగిలి పసి ఆంజనేయుడు పడిపోతే, వాయుదేవుడు కోపంతో కదలడం మానేశాడు. లోకమంతా ఊపిరాడక కొయ్యబారిపోయింది. దేవతలు వచ్చి బతిమాలుకుంటే గానీ గాలి ఆడలేదు.

ఆ మధ్వ సంప్రదాయంలోని గురువు వ్యాసరాయలవారు 732 చోట్ల ఆంజనేయుణ్ణి ప్రతిష్ఠించారని చెబుతారు. గుంతకల్లు దగ్గర కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి అలా వెలసినవాడే. ఇక కడప జిల్లాలో పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే గండి క్షేత్రం కథ పూర్తిగా వాయువుదే. వాయుదేవుడు అక్కడ తపస్సు చేసుకుంటున్నాడట. రాముడు ఆ దారిన వచ్చినప్పుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టి స్వాగతం పలికాడట. రాముడు బాణం కొనతో బండ మీద గీసిన రూపమే ఇప్పటి వీరాంజనేయుడు. ఆ బంగారు తోరణం ఇప్పటికీ ఉందనీ, ప్రాణం పోయే కాలం దగ్గరపడ్డ పుణ్యాత్ములకే కనబడుతుందనీ మా వైపు నమ్మకం. మద్రాసు గవర్నరు థామస్ మన్రోకు అది కనిపించిందని పెద్దలు చెప్పుకుంటారు. ఆయన 1827 జులైలో మా పత్తికొండ దగ్గర కలరాతో పోయింది మాత్రం చరిత్ర. నేను గండికి పోయిన ప్రతిసారీ తలెత్తి ఆ రెండు కొండల మధ్య చూస్తాను.

జైనులు, బౌద్ధులు, సూఫీలు ఏమంటారు?

జైనులు ప్రాణాలు పది అని లెక్కపెడతారు. ఐదు ఇంద్రియాలు, మనోబలం, వాక్కు బలం, కాయబలం, ఊపిరి, ఆయువు. చెట్టుకు, నీటికి నాలుగే ఉంటాయి. మనిషికి పది. హింస అంటే ఈ ప్రాణాల్లో దేన్నైనా దెబ్బతీయడం. మాట్లాడేవాడి నోరు నొక్కేసినా ఆ లెక్కన ప్రాణానికి దెబ్బే.

బుద్ధుడు ఊపిరిని మార్చమనలేదు, గమనించమన్నాడు. పొడుగు ఊపిరి తీస్తుంటే పొడుగు ఊపిరి తీస్తున్నానని తెలుసుకో, అంతే. దాన్ని ఆనాపానసతి అంటారు.

సూఫీలకు ప్రతి ఊపిరితో దేవుణ్ణి తలచుకోవడం ఒక సాధన. పారసీలో 'దమ్' అంటే ఊపిరి. కడపలో ఆ మాట పరాయిది కాదు, దర్గా వీధిలో ఉర్దూలోనూ వింటాం, మన తెలుగులోనూ వాడతాం. "దమ్ముంటే రా" అన్నప్పుడు ఊపిరీ ధైర్యమూ ఒకటే అయిపోయాయి.

మట్టి వినాయకుడికి ప్రాణప్రతిష్ఠ చేస్తాం కదా, నిజంగా ప్రాణం వస్తుందా?

చవితి పూజలో "అసునీతే పునరస్మాసు చక్షుః" అని అందరం చదువుతాం. అది ఋగ్వేదంలోని మంత్రం, పోయిన ప్రాణాన్ని, చూపును మళ్లీ మాకు ఇమ్మని అడిగే ప్రార్థన. మనుషుల కోసం చెప్పిన దాన్ని మట్టిబొమ్మ మీద చేయి ఉంచి చదువుతున్నాం. మనలో ఉన్నదాన్నే కొన్నాళ్లు ఆ బొమ్మలో నిలిపి, ఉద్వాసన చెప్పి తిరిగి తీసుకుంటామని పెద్దలు చెబుతారు. నేనూ అలాగే నమ్ముతాను.

ప్రాణం అంటే ఎనర్జీనా? సైన్సు ఒప్పుకుంటుందా?

ఎనర్జీ అన్న మాట మనకు ఇంగ్లీషు చదువుతో వచ్చింది. వివేకానందుడు రాజయోగం మీద చెప్పిన ప్రసంగాలు 1896లో పుస్తకంగా వచ్చాయి. విశ్వంలోని శక్తులన్నిటికీ మూలం ప్రాణమని ఆయన అందులో చెప్పాడు. ఆ తర్వాత ఈ పోలిక బాగా పాకింది.

ఫిజిక్సులో ఎనర్జీకి కొలత ఉంది. ప్రాణాన్ని కొలిచిన యంత్రం ఇప్పటిదాకా లేదు. చేతివేళ్ల చుట్టూ వెలుగు కనబడే ఫోటోలు చూపించి ఇదే ప్రాణశక్తి అంటారు కొందరు. 1939లో రష్యాలో కిర్లియన్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది. ఎక్కువ వోల్టేజి కరెంటు పెట్టినప్పుడు వచ్చే మెరుపు ఆ వెలుగు. చేతి చెమటను బట్టి మారుతుంది. నాణేన్ని పెట్టినా వస్తుంది.

నిదానంగా ఊపిరి తీస్తే ఒంట్లో జరిగే మార్పులను మాత్రం కొలవొచ్చు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, తీసుకునేటప్పుడు కొంచెం పెరుగుతుంది. వదలడం పొడుగు చేస్తే ఒళ్లు నెమ్మదిస్తుంది, టెన్షన్ తగ్గుతుంది. ఇంతవరకు సైన్సు తోడు వస్తుంది. దానికి మించింది అనుభవం మీద, శాస్త్రం మీద నమ్మకం. రెండింటినీ కలిపేసి "సైన్సు రుజువు చేసింది" అని చెప్పేవాళ్లను నేను ఒప్పుకోను. ప్రాణాన్ని గౌరవించేవాడు దాని గురించి అబద్ధం చెప్పకూడదు.

రోజుకు 21,600 ఊపిరులు అనే లెక్క ఎక్కడిది?

నిమిషానికి 15 చొప్పున 24 గంటలకు 21,600. లోపలికి పోయేటప్పుడు 'సో', బయటికి వచ్చేటప్పుడు 'హం' అని ఊపిరే జపం చేస్తోందని, దాన్ని అజపా గాయత్రి అంటారు. మనం చేయకుండానే జరిగే జపం.

ప్రాణాయామం చేస్తే తల తిరిగింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. శక్తి లేచినట్టా?

కాదమ్మా, కాదన్నా. ఆపేయమని ఒళ్లు చెబుతోంది.

నాకే జరిగింది. ముప్పై ఐదేళ్ల వయసులో అనంతపురంలో ఒక శిబిరానికి వెళ్లాను. ఏప్రిల్ నెల, రేకుల షెడ్డు. మైకులో ఎవరో "ఇంకా, ఇంకా జోరుగా" అంటుంటే రెండు వందల మందిమి కొలిమి తిత్తుల్లా ఊపిరి కొడుతున్నాం. పది నిమిషాలకు పెదాలు జివ్వుమన్నాయి. వేళ్లు కొంకర్లు పోయి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది, ఇంకో చేత్తో లాగినా రాలేదు. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి నీకు కుండలిని, అంటే వెన్ను అడుగున నిద్రపోతుందని చెప్పే శక్తి, కదిలింది అన్నాడు. ఆ మాట నమ్మి వారం రోజులు ఇంట్లో అలాగే చేశాను. చివరికి వంటింటి గడప దగ్గర పడిపోయాను.

తర్వాత ఒక డాక్టర్ విడమరిచి చెప్పారు. అవసరానికి మించి ఊపిరి కొడితే నెత్తుట్లో కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోతుంది. దాంతో మెదడుకు పోయే రక్తనాళాలు సన్నబడతాయి, తల తిరుగుతుంది, వేళ్లు బిగుసుకుంటాయి. అందులో దేవతా లేదు, దయ్యమూ లేదు.

హఠయోగ ప్రదీపిక కూడా ఇదే హెచ్చరిస్తుంది. సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టు ప్రాణాన్ని మచ్చిక చేసుకోవాలి, తొందరపడితే సాధకుణ్ణే చంపుతుంది అంటుంది. మా మిద్దె మీద మొదటి మూడు నెలలు భస్త్రిక, అంటే కొలిమి తిత్తిలా జోరుగా ఊపిరి కొట్టే పద్ధతి, దాని ఊసే ఉండదు. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు తీసుకోవడం, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలడం. ఊపిరి బిగపట్టడం లేదు. చప్పుడు రాకూడదు, పక్కవాడికి వినబడకూడదు. అంతే. చాలామందికి ఇది మరీ చప్పగా అనిపించి మానేస్తారు. నిలబడినవాళ్లలో మార్పు నేను చూశాను, ముందుగా వచ్చేది మంచి నిద్ర.

ఎవరు చేయకూడదు? బీపీ మాత్రలు మానేయొచ్చా?

మాత్రలు మానొద్దు. మానాలా తగ్గించాలా అన్నది మీ డాక్టర్ చెప్పాలి. గర్భిణులు, గుండెజబ్బు, బీపీ, మూర్ఛ ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి విసిరే పద్ధతి), భస్త్రిక, ఊపిరి బిగపట్టే కుంభకం చేయకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ పంపు జేబులో పెట్టుకునే కూర్చోవాలి.

డబ్బు కడితే ప్రాణశక్తి ఎక్కిస్తామంటున్నారు. వెళ్లొచ్చా?

పక్కన ఒకరు శాంతంగా కూర్చుని తల మీద చేయి పెడితే మనసుకు హాయి కలుగుతుంది. అందులో అబద్ధం లేదు. దాన్ని చూపించి క్యాన్సర్ పోతుందంటే, దూరం నుంచి ఫోన్లో పంపిస్తామంటే, వైద్యం మానేయమంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇలాంటి మాటలు నమ్మి ఆలస్యంగా ఆస్పత్రికి పోయిన ఒక మనిషిని నేను దగ్గర్నుంచి చూశాను. ఇంకా రాయలేను.

ప్రాణం పోయేటప్పుడు ఏం జరుగుతుంది?

మాట మనసులో, మనసు ప్రాణంలో, ప్రాణం తేజస్సులో, తేజస్సు పరదేవతలో కలుస్తాయని ఉపనిషత్తు చెబుతుంది. ఉదానం జీవుణ్ణి పైకి తీసుకుపోతుంది, చేసుకున్న పుణ్యపాపాలను బట్టి లోకాలకు చేరుస్తుంది. ఆ తర్వాత కూడా ధనంజయం మాత్రం ఒంటిని వదలదని యోగగ్రంథాలు చెబుతాయి. శవాన్ని అగౌరవంగా చూడకూడదన్న పట్టింపు వెనక ఈ భావం కూడా ఉందేమోనని నేను అనుకుంటాను.

మా అవ్వ పోయింది ఫాల్గుణ మాసంలో. మూడు రోజుల నుంచి మాట లేదు, కళ్లు తెరవలేదు. ముందు మాట, తర్వాత మనసు... అదే వరుస అని అప్పుడు నాకు తెలియదు. రొమ్ము కదలడం తగ్గి గొంతు దగ్గర మాత్రమే చిన్నగా ఎగిసిపడుతోంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. మా అమ్మ తులసి ఆకు నానేసిన నీళ్లు ఉద్ధరిణెతో పెదాల మధ్య పోసింది. మొదటి చుక్కకు గొంతు కదిలింది. రెండోదానికి కదిలింది. మూడోది పెదవి చివర్నుంచి కారి చెవి దాకా పోయింది. అమ్మ కొంగుతో తుడిచి, ఉద్ధరిణె గిన్నెలో పెట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

నీళ్లతో అయిన ప్రాణానికి చివరగా నీళ్లే ఇస్తాం.

మీ దగ్గరికి రావాలంటే ఏం చేయాలి?

పొద్దున ఐదున్నరకు ఖాళీ కడుపుతో రండి, ఒక గ్లాసు నీళ్లు తాగి వస్తే మంచిది. కూర్చోవడానికి దుప్పటి తెచ్చుకోండి. కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీలు ఉన్నాయి. జలుబు చేసి ముక్కు బిగుసుకున్న రోజు సాధన మానేసి మాటల వేళకు వచ్చినా చాలు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు మొదటిరోజే నాతో చెప్పాలి. డబ్బు తీసుకోం. ఎండాకాలంలో మాత్రం ఐదు గంటలకే మొదలుపెడతాం, ఆరున్నర దాటితే మిద్దె మీద కూర్చోలేం.